నిజంగా తీసిన వీడియో పెడితే గ్రాఫిక్స్ అంటున్నారు, గ్రాఫిక్స్ పెడితే నిజం అంటున్నారు, ఏం చెయ్యాలి?

మబ్బుపిచ్చోడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, తిట్టుకోకండి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీద్దామని డాబా మీదికి వెళ్తే ఎండ ఏదో తేడాగా అనిపించింది. తలెత్తి చూస్తే సూర్యుడి చుట్టూ ఇంత పెద్ద గుండ్రటి వలయం, లోపలి అంచు ఎర్రగా, దాని లోపల ఆకాశం బయటికంటే కాస్త నల్లగా, ఎవరో కంపాస్ పెట్టి గీసినట్టు. ఒళ్లు జలదరించింది నిజంగా. ఫోన్ తీసి, సూర్యుడికి వాటర్ ట్యాంకు అడ్డం వచ్చేలా నిలబడి, మోచేతులు పిట్టగోడ మీద ఆనించి కదలకుండా 40 సెకన్లు తీశా. తీసుకెళ్లి ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టా.

మొదటి రిప్లై మా బావది: "ఏ యాప్‌తో చేశావ్ బామ్మర్దీ?" తర్వాత పిన్ని కొడుకు, వాడు ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు లెండి, "ఫ్లేర్ ఓవరైంది అన్నా, ఒపాసిటీ (గాఢత) తగ్గించాల్సింది" అని సలహా. బాబాయ్ అయితే "ఏఐ కదా" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. నేను ఒట్టేసి చెప్పినా ఒక్కరూ నమ్మలేదు.

అసలు మంట ఎక్కడంటే, అదే రోజు సాయంత్రం అదే బావ అదే గ్రూపులో ఇంకో వీడియో పెట్టాడు, రాత్రిపూట పెరట్లో ట్రాంపొలిన్ మీద కుందేళ్లు ఎగురుతుంటాయి, సీసీ కెమెరాలో పడినట్టు ఉంటది. మీరూ చూసే ఉంటారు, 2025లో ప్రపంచమంతా తిరిగింది, ఏఐతో చేసిందని అప్పుడే తేలిపోయింది కూడా. దానికి మాత్రం అందరూ లవ్ సింబల్సే. ఇది ఏఐ అని నేనంటే "నీ వీడియో నమ్మలేదని కుళ్లుకుంటున్నావ్" అన్నారు.

సరే కుళ్లు సంగతి పక్కన పెట్టి అడుగుతున్నా. ఒకటి, నా వీడియో నిజమని నిరూపించే దారి ఏదైనా ఉందా? రెండు, ఈ విజువల్ ఎఫెక్ట్స్ ఇంత ముదిరాక కంటితో చూసి ఇది నిజం ఇది కల్పితం అని చెప్పడం అసలు కుదిరే పనేనా? ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వీడియో కింద పెట్టా.

రోటోకూలీ:

నేను కాంపోజిటింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నా (విడివిడిగా తీసినవీ కంప్యూటర్లో చేసినవీ కలిపి ఒకే షాట్ చెయ్యడం), మొదటి మూడేళ్లు రోటోనే. రోటో అంటే తెలీనివాళ్లకి, షాట్‌లో మనిషిని వెనకాల సీన్ నుంచి విడగొట్టాలంటే అంచుల వెంట గీత గీసుకుంటూ పోవాలి, ఫ్రేము ఫ్రేముకీ. సెకనుకి 24 ఫ్రేములు, నాలుగు సెకన్ల షాట్ అంటే 96, అందులో హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతుంటే ఇక ఆ వారం నువ్వు లేనట్టే. అందుకే ఈ పేరు.

నీ వీడియో చూశా తమ్ముడూ, నాకైతే నిజమే అనిపిస్తోంది. ఎందుకో చెప్తా. ఆ వలయం సైజు ఎవరిష్టం కాదు, సూర్యుడి నుంచి 22 డిగ్రీల దూరంలోనే పడుతుంది. చెయ్యి బారుగా చాపి వేళ్లు విప్పి బొటనవేలితో సూర్యుణ్ణి మూసేస్తే చిటికెనవేలి కొస ఇంచుమించు వలయం దాకా వెళ్తుంది (సూర్యుడి వంక నేరుగా చూడకండి బాబూ, మళ్లీ నన్నంటారు). పైన పల్చటి మబ్బుల్లో ఆరు పలకల మంచు స్ఫటికాలుంటాయి, వాటిలోంచి వెలుగు వంగి వచ్చేటప్పుడు కనీసం 22 డిగ్రీలైనా వంగుతుంది, అంతకంటే తక్కువ వంగే దారి లేదు, అందుకే లోపల ఖాళీగా నల్లగా ఉంటది, లోపలి అంచు అంత కచ్చితంగా ఉంటది. ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగుతుంది కాబట్టి లోపలి వైపు. ఇంద్రధనుస్సులో ఎరుపు బయటుంటది కదా, తొందరలో గ్రాఫిక్స్ చేసేవాళ్లు అదే అలవాటులో ఇక్కడ కూడా ఎరుపు బయట పెట్టేసి దొరికిపోతారు. నీ దాంట్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కానీ ఇది నిరూపణ కాదు. ఎందుకంటే ఇదంతా తెలిసినవాణ్ణి నేను, నేను పెడితే ఎరుపు లోపలే పెడతాను కదా.

ఇక మీవాళ్లు ఎందుకు నమ్మలేదో నాకు బాగా అర్థమైంది. నీ వీడియో మరీ నీట్‌గా ఉంది. మోచేతులు గోడకి ఆనించడమే నువ్వు చేసిన తప్పు. నమ్మినా నమ్మకపోయినా మా పనిలో సగం షాట్‌ని పాడుచెయ్యడమే. కంప్యూటర్‌లోంచి రెండర్ బయటికొచ్చినప్పుడు కడిగిన ముత్యంలా ఉంటది, దాన్ని అలాగే ప్లేట్ మీద పెడితే (ప్లేట్ అంటే మా భాషలో కెమెరా నిజంగా తీసిన ఫుటేజ్) స్టిక్కర్ అంటించినట్టు కనబడుతుంది. అందుకని దానికి గ్రెయిన్ (కెమెరా తీసినదాంట్లో ఉండే సన్నటి చుక్కల నాయిస్) ఎక్కిస్తాం, అదీ గుడ్డిగా కాదు, ప్లేట్‌లో రెడ్డు గ్రీను బ్లూ విడివిడిగా తెరిచి చూసి, బ్లూలో మామూలుగా నాయిస్ ఎక్కువ కాబట్టి అందులో ఎక్కువ వేసి. లెన్స్ అంచుల్లో గీతలు వంగుతాయి, ముందు ఆ వంపు తీసేసి పనంతా చేసి చివర్లో మళ్లీ అంతే వంచుతాం. దూరంగా ఉన్నదాంట్లో నలుపు నల్లగా ఉండదు, మధ్యలో ఉన్న గాలికీ దుమ్ముకీ బూడిద తిరుగుతుంది, ఆ నలుపుని కూడా అంతే పైకి లేపాలి. ఇవన్నీ అయ్యాక కెమెరాకి చెయ్యి వణుకు పెడతాం, దానికోసం నిజంగా ఒక మనిషి చేత కెమెరా పట్టించి ఆ వణుకుని రికార్డు చేసి వాడుకోవడం కూడా ఉంది. ఆటోఫోకస్ తడబడినట్టు ఒక అరసెకను మసక. మా సూపర్‌వైజర్ ఎప్పుడూ అనేమాట ఒకటే, "చాలా బాగుంది, ఇప్పుడు చెడగొట్టు."

ఏళ్ల తరబడి ఇలా చెడగొట్టిన షాట్లు చూసీ చూసీ జనం కంటికి చెత్తగా ఉంటేనే నిజం అనే అలవాటు పడిపోయింది. కుందేళ్ల వీడియో ఎందుకు అంతమందిని బుట్టలో వేసిందనుకున్నావ్? చీకటి, సీసీ కెమెరా, మసక, రంగుల్లేవు, కెమెరా కదలదు. తప్పులన్నీ దాక్కోడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఒక ముచ్చట చెప్పి ఆపుతా. ఒక ప్రాజెక్టులో కొండ మీద షాట్, మేం సీజీతో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ తో, పెట్టింది వెనకాల కోట మాత్రమే. రివ్యూలో క్లయింట్ వైపునుంచి నోట్ వచ్చింది, "ఎడమవైపు ఎగిరే ఆ సీజీ పక్షి నేచురల్‌గా లేదు, రెక్కలు సరిగ్గా ఆడట్లేదు, సరిచెయ్యండి." ఆ పక్షి మేం పెట్టింది కాదు! షూటింగ్ రోజు నిజంగా అటు ఎగిరిన పక్షి, ప్లేట్‌లో ఉన్నదే. చెప్పి చూశాం, "ఏదైనా సరే ఫేక్‌గా కనబడుతోంది కదా" అన్నారు. నిజం పక్షిని పెయింట్ చేసి తీసేసి దాని చోట మా సీజీ పక్షిని పెట్టాం. ఒక్క రౌండ్‌లో ఓకే అయిపోయింది.

జూమ్‌చెయ్_చూద్దాం:

బ్రో సింపుల్, వేళ్లు లెక్కపెట్టు, కళ్లు ఆర్పుతున్నారా లేదా చూడు, పళ్లు చూడు, చెవి పోగులు రెండూ ఒకేలా ఉన్నాయా చూడు. నేను ఒక్క నిమిషంలో పట్టేస్తా ఏదైనా. 2023లో పోప్ గారు తెల్ల పఫర్ జాకెట్ వేసుకున్న ఫొటో వచ్చినప్పుడు కూడా చెయ్యి చూసే పట్టేశా నేను. కావాలంటే ఏఐని పట్టే డిటెక్టర్ సైట్లు కూడా ఉన్నాయి కదా ఫ్రీగా, అందులో అప్‌లోడ్ చెయ్.

మబ్బుపిచ్చోడు:

నా వీడియోలో మనుషులే లేరు బ్రో, మబ్బులకి వేళ్లెక్కడ లెక్కపెట్టను. డిటెక్టర్ సైట్లు రెండిట్లో పెట్టా ఇందాక. ఒకటి ఏఐ అంది, ఇంకోటి నిజం అంది. మళ్లీ అదే వీడియోని వాట్సాప్‌లోంచి డౌన్‌లోడ్ చేసి పెడితే మొదటిది కూడా మాట మార్చేసింది. జాతకాలు చూపించుకున్నట్టుంది.

రోటోకూలీ:

జూమ్ బ్రో, కళ్లు ఆర్పడం చూసి పట్టడం 2018 నాటి చిట్కా. అప్పట్లో డీప్‌ఫేక్‌లకి (ఏఐతో వేరేవాళ్ల మొహం అతికించే వీడియోలు) వాడే ఫొటోల్లో కళ్లు మూసుకున్నవి తక్కువుండేవి, అందుకే ఆ బొమ్మలు సరిగ్గా కళ్లు ఆర్పేవి కాదు. ఆ విషయం బయటపడగానే సరిచేసేసుకున్నారు. వేళ్ల సంగతీ అంతే. నువ్వు ఒక తప్పు కనిపెట్టి అందరికీ చెప్పిన రోజే దానికి ఆఖరి రోజు.

కొంచెం ఎక్కువ కాలం పనికొచ్చేది నీడలు. ఒకే లైటు ఉన్న సీన్‌లో నీడ మీద ఒక బిందువు, ఆ నీడ ఇచ్చిన వస్తువు మీద అదే బిందువు, రెండూ కలిపి గీత గియ్యి. ఇలా నాలుగైదు వస్తువులకి గీస్తే గీతలన్నీ పోయి ఒకే చోట కలవాలి, లైటు ఉండేది అక్కడే. తలా ఒక దిక్కు పోతే ఏదో అతికించారన్నమాట. ఏఐ వీడియోల్లో ఇంకోటి, మనిషి ఒక స్తంభం వెనక్కి వెళ్లి అవతల నుంచి బయటికొచ్చేసరికి చొక్కా గుండీలో, చేతిలో సంచీయో మారిపోతుంది చూడు. ఇది కూడా ఎన్నాళ్లు పనిచేస్తుందో గ్యారంటీ లేదు, ఆర్నెల్లకోసారి మారిపోతోంది లోకం.

అయితే ఈ నీడల లెక్క మా మీద పనిచెయ్యదు. షూటింగ్ స్పాట్‌లో ప్రతి సెటప్ అయ్యాక ఒకడు కర్ర చివర రెండు బంతులు పట్టుకుని కెమెరా ముందుకొస్తాడు, ఒకటి బూడిదరంగుది, ఒకటి అద్దంలా మెరిసేది. బూడిద బంతి మీద వెలుగు ఎటునుంచి ఎంత పడుతోందో తెలుస్తుంది, మెరిసే బంతిలో చుట్టూ ఉన్న లోకమంతా ప్రతిబింబిస్తుంది. ఆ లెక్కతోనే సీజీ బొమ్మకి వెలుగు వేస్తాం, ఆ చోట నిజంగా ఉన్న వెలుగే వేస్తాం. ఇక నీడ తప్పు ఎందుకు వస్తుంది?

పాతరీలు:

బాబూ, మీరు దీన్నేదో నిన్నగాక మొన్న పుట్టిన జబ్బు అన్నట్టు మాట్లాడుతున్నారు. ఇంగ్లండులో 1917లో ఇద్దరు అమ్మాయిలు, ఒకరికి 16, ఒకరికి 9 ఏళ్లు, తోటలో దేవకన్యలతో ఆడుకుంటున్నట్టు ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అంతటాయనే నమ్మి పత్రికలో వ్యాసం రాశాడు. అవి పుస్తకం చూసి గీసిన కాగితం బొమ్మలు, టోపీకి గుచ్చే పిన్నులతో నిలబెట్టారు. ఆ సంగతి వాళ్లు ఒప్పుకున్నది 1983లో, ముసలివాళ్లయ్యాక. అరవై ఆరేళ్లు నడిచింది ఆ ముచ్చట. ఫొటోషాప్ లేదు, ఏఐ లేదు, కత్తెర ఉంది అంతే.

1982లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం మీద పిరమిడ్లు పేజీలో ఇమడట్లేదని ఒకదాన్ని ఇంకోదాని దగ్గరికి జరిపేశారు కంప్యూటర్‌లో. తర్వాత పెద్ద గొడవైంది, నిజమైన ఫొటోనే, నిజమైన పిరమిడ్లే, కానీ అలా కనిపించే చోటు భూమ్మీద లేదు. దీన్ని ఏమంటారు మీరు, నిజమా కల్పితమా?

మనవాళ్లు తక్కువ తిన్నారా. 1957 మాయాబజార్‌లో లాహిరి లాహిరి పాట వెన్నెల చూసి మా నాన్న జీవితాంతం "అసలు వెన్నెలంటే అది" అనేవాడు. ఆ వెన్నెల చంద్రుడిది కాదు, మార్కస్ బార్ట్లే లైట్లతో, కెమెరాతో పుట్టించింది. తెలిశాక కూడా మా నాన్నకి ఏమీ తేడా రాలేదు, బయట పౌర్ణమి చూసి కూడా "ఆ పాటలోలా లేదు" అనేవాడు.

ఆ వలయాన్ని పాతవాళ్లు వరదగుడి అంటారు, గుడి కట్టింది అంటారు. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అని సామెత. దానికి తెలుగులో పేరుందని చెప్పు మీ బావకి, అప్పుడైనా నమ్ముతాడేమో.

లలిత_ఫైళ్లు:

ప్రాక్టికల్‌గా చెప్తాను మబ్బు గారూ. ఫైళ్లు, వాటి మెటాడేటా (ఎప్పుడు, ఎక్కడ, దేంతో తీశారో ఫైల్లోనే ఉండే వివరాలు) చూడటమే నా ఉద్యోగం, వీడియోలో ఏముందో చూడటం ఆఖరి పని మాకు. మొదట అడిగేది ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తీశారు, మొదటి కాపీ ఎక్కడ.

మీరు చేసిన పొరపాటు గ్రూపులో మామూలుగా పంపడం. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి, లోపల ఉండే వివరాలు చాలావరకు ఊడగొట్టేస్తుంది. మీ డిటెక్టర్ మాట మార్చింది కూడా అందుకే, అది వెతికే సన్నటి గుర్తులు కుదింపులో పోతాయి. ఒరిజినల్ ఫైలు ఫోన్లోంచి తీసెయ్యకండి. ఎవరికైనా చూపించాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. టైము, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే అదీ, అన్నీ ఉంటాయి. వీటిని కూడా మార్చొచ్చు, కాబట్టి అక్కడితో ఆగకండి. ఆ టైముకి ఆ చోట సూర్యుడు ఎంత ఎత్తులో ఉండాలో లెక్క కట్టొచ్చు, మీ ట్యాంకు నీడ దానికి సరిపోవాలి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇంకోటి, ఆ వలయం మీ డాబాకి మాత్రమే కనబడదు, చుట్టుపక్కల ఎన్నో కిలోమీటర్ల మేర చాలామంది చూసి ఉంటారు. మీకు పరిచయం లేని ఇద్దరు వేరే చోట నుంచి అదే టైములో తీసిన ఫొటోలు దొరికితే ఇక మాట్లాడటానికేం లేదు. ఒక్కడు అబద్ధం చెయ్యొచ్చు, తెలియనివాళ్లందరూ కలిసి ఒకేలా చెయ్యడం కష్టం.

కెమెరాలోనే సంతకం పెట్టే పద్ధతి కూడా వచ్చింది. 2021లో అడోబీ, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, బీబీసీ లాంటివాళ్లు కలిసి సీటూపీఏ అని మొదలుపెట్టారు, ఫొటో తీసిన క్షణం నుంచి దానికి ఏమేం మార్పులు జరిగాయో చిట్టా దానితోపాటే నడుస్తుంది, మధ్యలో ఎవరైనా చెయ్యి పెడితే సంతకం చెడిపోతుంది. 2023లో లైకా కెమెరా ఒకటి, ఎం11-పీ, దీంతో మార్కెట్లోకి వచ్చింది. బాగానే ఉంది కానీ ఎక్కడో ఒక యాప్‌లో ఆ చిట్టా ఊడిపోతే సంతకం లేని మామూలు ఫైలే మిగులుతుంది. సంతకం లేదంటే ఫేక్ అని అర్థం కాదు కదా, లోకంలో ఇప్పటిదాకా తీసిన ఫొటోలు దాదాపు అన్నీ సంతకం లేనివే.

ఇంకోటి, కోప్పడకండి, మీ ఫోను కూడా కొంచెం గ్రాఫిక్స్ చేసింది. ఆకాశాన్ని ముదురు చేసి, అంచులకి పదును పెట్టి, వెలుగు ఎక్కువైన చోట తగ్గించి. ఆ వలయం మీ కంటికి కనిపించిన దానికంటే వీడియోలో గాఢంగా ఉందా లేదా? నిజం చెప్పండి.

మబ్బుపిచ్చోడు:

అమ్మో. నిజమే మేడమ్. కంటికి కొంచెం పాలిపోయినట్టుండేది, వీడియోలో రంగు బాగా కొట్టొచ్చినట్టు వచ్చింది. నేను సంబరపడ్డాను కూడా బాగా వచ్చిందని. అంటే మావాడు ఒపాసిటీ తగ్గించమన్నది మరీ తప్పేం కాదన్నమాట!

ఉన్నదున్నట్టు:

ఇంతసేపు చదివాను, ఒక్కరూ అసలు మాట ఎత్తట్లేదు. రోటో గారూ, మీలాంటివాళ్లు ముప్పై ఏళ్లు కష్టపడి జనం కళ్లని మోసం చెయ్యడం ఎలాగో నేర్చుకున్నారు, ఆ విద్య ఇప్పుడు ఫోనున్న ప్రతివాడి చేతిలోకీ వచ్చింది. 2024లో హాంకాంగ్‌లో ఏమైంది? ఒక కంపెనీ ఉద్యోగికి పై ఆఫీసరు పేరుతో రహస్య లావాదేవీ అని మెయిల్ వచ్చింది, మొదట అనుమానపడ్డాడు కూడా. వీడియో కాల్‌లోకి రమ్మంటే వెళ్లాడు, అక్కడ ఆఫీసరు, తెలిసిన తోటి ఉద్యోగులు అందరూ కనబడి మాట్లాడేసరికి నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో నిజం మనిషి తనొక్కడే. అనుమానపడ్డవాణ్ణి నమ్మించింది ఏంటి, కళ్లతో చూడటమే కదా. ఆడపిల్లల మొహాలు తీసుకెళ్లి ఎవరి ఒంటికో అతికించి పెట్టేవాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. దీనికి మీ ఇండస్ట్రీ బాధ్యత ఏమీ లేదా? "చెడగొట్టడం మా కళ" అని మురిసిపోతున్నారు.

రోటోకూలీ:

కోపం న్యాయమే అండి, కానీ గురి తప్పింది. సినిమాకి టికెట్ కొన్నవాడు మోసపోవడానికే వస్తాడు, తెర మీద చచ్చిపోయినవాడు ఇంటికెళ్లి పడుకున్నాడని వాడికీ తెలుసు. 1994లో ఫారెస్ట్ గంప్‌లో గ్యారీ సినీస్ కాళ్లకి నీలంగుడ్డ చుట్టి తర్వాత కాళ్లు తీసేశారు, ఆయన మీద కేసు పెట్టలేదు కదా ఎవరూ. హాంకాంగ్‌లో జరిగింది దొంగతనం. మొహం వాడుకోవడం తప్పా ఒప్పా అనేది ఆ మొహం గలవాడు ఒప్పుకున్నాడా లేదా అన్నదాని మీదుంది, ఏ సాఫ్ట్‌వేర్ వాడారన్నదాని మీద కాదు. హాలీవుడ్ నటులు 2023లో 118 రోజులు సమ్మె చేశారు, వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఇదొకటి, మా డిజిటల్ రూపం మమ్మల్ని అడక్కుండా, డబ్బివ్వకుండా వాడొద్దని. మేమూ వాళ్లవైపే. రోటో పనిని ఏఐ తినేస్తోంది, రేపు ఇంట్లో కూర్చునే మొదటి బ్యాచ్ మాదే, కాబట్టి ఆ ఏఐ కంపెనీలతో కలిపి నన్ను తిట్టకండి.

కాకపోతే మా ఇండస్ట్రీలో నాకు నచ్చని అబద్ధం ఒకటుంది, అది ఒప్పుకుంటా. మీరన్నదానికి రివర్సు. "మేం గ్రాఫిక్స్ వాడలేదు, అంతా నిజంగానే చేశాం" అని పబ్లిసిటీ చేసుకోవడం. 2022లో టాప్ గన్ మావెరిక్ వచ్చినప్పుడు అందరూ నిజం విమానాలు, నిజం నటులు అని మెచ్చుకున్నారు, నిజంగా ఎగిరిన మాట వాస్తవమే, దాంతోపాటు దాదాపు 2,400 ఎఫెక్ట్స్ షాట్లు కూడా ఉన్నాయందులో. కొన్నిచోట్ల నిజంగా ఎగిరిన ఒక విమానం మీదే ఇంకో విమానం రూపం తొడిగారు. అది అద్భుతమైన పని, ఎగురుతున్నది నిజం కాబట్టే పైన తొడిగింది నిలబడింది. 1993 జురాసిక్ పార్క్ కూడా అంతే, డైనోసార్లు కనిపించేదే పావుగంట, అందులో కంప్యూటర్‌తో చేసింది ఆరు నిమిషాలు అటూ ఇటూ, మిగతావి స్టాన్ విన్‌స్టన్ వాళ్లు చేసిన యంత్రం బొమ్మలు. ఏది ఏదో తెలీకుండా కలిపారు కాబట్టే ఇప్పటికీ నమ్ముతాం. ఇలాంటి పని చేసినవాళ్లని దాచిపెట్టి "అంతా ఒరిజినల్" అంటే, గ్రాఫిక్స్ అంటే ఎప్పుడూ చెత్తగానే ఉంటాయి, కనబడితేనే గ్రాఫిక్స్ అని జనం అనుకోరూ? కనబడని గ్రాఫిక్స్ ఉంటాయని వాళ్లకి చెప్పినవాడు లేడు. రేపు ఎవడో వాటితోనే మోసం చేస్తే పట్టుకునేది ఎలా మరి.

లలిత_ఫైళ్లు:

ఉన్నదున్నట్టు గారు చెప్పింది ఒక భయం. నాకు రోజూ ఎదురయ్యేది రెండోది, మబ్బు గారికి జరిగింది. నిజమైన వీడియో ముందు పెట్టినా "ఇది ఏఐ అండీ, నేను కాదు" అనేస్తున్నారు. ఫేకులు పెరిగేకొద్దీ తప్పు చేసినవాడికి ఈ సాకు ఫ్రీగా దొరుకుతోంది, వాడు స్వయంగా ఒక్క ఫేకు కూడా చెయ్యక్కర్లేదు.

ఫొటో పోటీల్లో రెండు వైపులా జరిగింది చూడండి. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ ఆర్టిస్టు ఏఐతో చేసిన బొమ్మ సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ పోటీలో గెలిచింది, ఆయనే బయటపెట్టి బహుమతి వద్దన్నాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ తిరగేసి ఆడాడు, నిజంగా తీసిన ఫ్లెమింగో పక్షి ఫొటోని ఇంకో పోటీలో ఏఐ విభాగానికి పంపాడు. ఆ పక్షి మెడ వంచి పొట్ట గోక్కుంటోంది, తల కనబడదు, గులాబీ బంతికి కాళ్లొచ్చినట్టుంటది. అదీ గెలిచింది! అసలు సంగతి చెప్పగానే డిస్‌క్వాలిఫై చేశారు, నిజం ఫొటో అయినందుకు.

జూమ్‌చెయ్_చూద్దాం:

ఆ ఫ్లెమింగో నేనైతే ఏఐ అనే అనేవాణ్ణి, ఇప్పుడే వెతికి చూశా. సరే నా ఒక్క నిమిషం చాలెంజ్ వెనక్కి తీసుకుంటున్నా.

మబ్బుపిచ్చోడు:

అప్‌డేట్. లలిత మేడమ్ చెప్పినట్టు ఒరిజినల్ ఫైలు డాక్యుమెంట్‌గా పంపా బావకి. "టైము మార్చడం ఎంతసేపు" అన్నాడు. అప్పుడు ఆ రోజు పెట్టిన పోస్టులు వెతికితే నాకు ముక్కూ మొహం తెలీనివాళ్లవి మూడు ఫొటోలు దొరికాయి, అదే మధ్యాహ్నం, ఒకరు చెట్టు అడ్డం పెట్టి, ఒకరు కరెంటు స్తంభం, ఇంకొకరు సొంత బొటనవేలు అడ్డం పెట్టి తీశారు. బొటనవేలి ఫొటో మహా చెత్తగా ఉంది, సగం గోరే కనబడుతోంది, ఫోకస్ లేదు, వలయం ఒక మూల ముక్క మాత్రమే పడింది. మూడూ గ్రూపులో పెట్టా. మా బావ ఆ గోరు ఫొటో చూసి "ఇది మాత్రం ఒరిజినల్‌రా" అన్నాడు. పోనీ దాన్ని పట్టుకునైనా నమ్మాడు. పిన్ని మాత్రం వరదగుడి అనగానే "ఓ అదా, ముందే అలా చెప్పొచ్చు కదా, చిన్నప్పుడు ఎన్ని చూశాం" అంది. పాతరీలు గారికి దండాలు.

కుందేళ్ల సంగతి నేను ఇంకెత్తను. వాళ్ల సరదా వాళ్లది.

రోటోకూలీ:

హహ, గోరు గెలిచింది. మా సూపర్‌వైజర్‌కి చెప్పాలి ఇది.

తమ్ముడూ, ఒక చిన్న సాయం. ఒక షాట్‌కి ఆకాశం కావాలి, సరిగ్గా ఇలాంటి వలయంతో, రెండు వారాల నుంచి చేస్తున్నా, ప్రతిసారీ "నేచురల్‌గా లేదు" అని వెనక్కొస్తోంది. నీ ఒరిజినల్ ఫైలు ఇస్తే స్కై ప్లేట్‌గా వాడుకుంటా. పర్మిషన్ పేపరు పంపిస్తా, డబ్బు కూడా ఎంతో కొంత ఇప్పిస్తా.

మబ్బుపిచ్చోడు:

అయ్యో తప్పకుండా అన్నా, మెసేజ్ చెయ్యి. వాటర్ ట్యాంకు మాత్రం నువ్వే తీసేసుకోవాలి.

రోటోకూలీ:

ట్యాంకు ఎంతసేపు. కాకపోతే ముందే చెప్తున్నా, కొంచెం వణుకు పెడతా.